అప్‌డేట్ వేశాక నీలం తెర వచ్చి ఆగిపోతున్న సిస్టం, ఫార్మాట్ కొట్టకుండా దారి ఉందా?

నరసన్నపేట డీటీపీ:

అందరికీ నమస్కారం. నరసన్నపేటలో చిన్న డీటీపీ షాపు నాది. పెళ్ళికార్డులు, గృహప్రవేశాలు, అమ్మవారి పండగ కరపత్రాలు, పెద్దకార్యం కార్డులు, అన్నీ ఒక్క సిస్టం మీదే చేస్తాను. ఇంటెల్ ఐ3 నాలుగో తరం, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, దాంతోపాటు పాత 1 టీబీ హార్డ్‌డిస్కు. విండోస్ 10, 22హెచ్2. పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకున్నాను కాబట్టి నెలనెలా ప్యాచ్‌లు వస్తున్నాయి.

మొన్న రాత్రి షాపు కట్టేస్తూ "అప్‌డేట్ అండ్ షట్‌డౌన్" నొక్కి ఇంటికెళ్ళాను. తెల్లారి వచ్చి ఆన్ చేస్తే చక్కగానే లేచింది. బ్రౌజరు పనిచేసింది, వాట్సాప్‌లో పార్టీలు పంపిన లగ్నపత్రికల ఫొటోలు దిగాయి. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేరు తెరిచానో లేదో తెరంతా నీలం. ఏడుపు మొహం బొమ్మ, కింద "సిస్టం సర్వీస్ ఎక్సెప్షన్" అని, దాని కింద "వాట్ ఫెయిల్డ్" అని ఏదో ఫైలు పేరు. చివర డాట్ ఎస్‌వైఎస్ అని కనిపించింది గానీ పూర్తిగా చదివేలోపే దానంతటదే రీస్టార్ట్ అయిపోయింది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అదే. ఆ సాఫ్ట్‌వేరు జోలికెళ్ళకపోతే గంటలకొద్దీ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది.

ఇది కాక ఇంకోటి. సాయంత్రం పూట పాత పీడీఎఫ్‌లు ప్రింటు తీస్తుంటే నీలం తెరా రాదు, మెసేజీ రాదు, ఠక్కున ఆరిపోతోంది. కరెంటు పోలేదు, పైన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. బటన్ నొక్కితే మళ్ళీ లేస్తోంది. ఇదీ అప్‌డేట్ వల్లేనా?

ఆ టైపింగ్ సాఫ్ట్‌వేరు బాగా పాతది. యూఎస్‌బీకి డాంగిల్, అంటే తాళంచెవి లాంటి చిన్న ముక్క, పెడితేనే తెరుచుకుంటుంది. కొన్నప్పుడిచ్చిన సీడీ ఉంది గానీ ఇప్పటి సిస్టంకి సీడీ డ్రైవే లేదు. తెలిసినవాళ్ళని అడిగితే "ఫార్మాట్ కొట్టేసి కొత్తగా వేసేద్దాం, అరపూట పని" అంటున్నారు. ఫార్మాట్ కొట్టాక ఆ సాఫ్ట్‌వేరు మళ్ళీ ఎక్కకపోతే ఏటి చెయ్యాలి? నా పనంతా దాని ఫాంట్లలోనే ఉంది. అక్క పెళ్ళికి చేసిన కార్డు తీసి చెల్లి పెళ్ళికి పేర్లు మార్చి ఇస్తుంటాను. ఆ ఇంటి గోత్రం, తాతముత్తాతల పేర్లు, ఎవరి పేరు ముందు ఎవరి పేరు వెనక, అన్నీ ఒకసారి వాళ్ళ పెద్దవాళ్ళు కూర్చుని సరిచూసినవి. మళ్ళీ టైపు చేస్తే ఎక్కడో ఒక తప్పు దొర్లుతుంది.

పెళ్ళివాళ్ళని రేపు రమ్మని చెప్పొచ్చు. పెద్దకార్యం కార్డులకి వచ్చినవాళ్ళకి ఆ మాట చెప్పలేం. వాళ్ళకున్నదే కొద్ది రోజులు, అందులోనే ఊరూరా తిరిగి పంచాలి. నిన్న అలా వచ్చిన ఒక పెద్దాయన్ని వేరే షాపుకి పంపించాల్సి వచ్చింది. నాకు ఎక్కువ బాధగా ఉన్నది అదే. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.


పలాస జీడిలెక్కలు:

అక్కా, ఏ పనీ మొదలెట్టకముందే కార్డుల ఫైళ్ళన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసెయ్యండి. సిస్టం లేస్తోంది కదా, అదే అదృష్టం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్కలన్నీ తడిసిన సీపీయూలో ఉండిపోయాయి, కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు, డిస్కు బతికుందో లేదో తెలీదు. అప్పట్నుంచి ఆఫీసులో ఒక కాపీ, ఇంట్లో ఒక కాపీ ఉంచుతున్నాను. ఫాంట్ల ఫోల్డరు కూడా మర్చిపోకండి, ఫైలు ఉండి ఫాంటు లేకపోతే అక్షరాలన్నీ పిచ్చిగీతల్లా కనబడతాయి.

ఆ తర్వాత అప్‌డేట్ తీసెయ్యండి. సెట్టింగ్స్, "అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ", "వ్యూ అప్‌డేట్ హిస్టరీ", పైన "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్". తేదీ చూసి మొన్నటిది తీసి రీస్టార్ట్ చెయ్యండి. అదే మళ్ళీ దిగిపోకుండా "పాజ్ అప్‌డేట్స్" పెట్టుకోండి, 35 రోజుల దాకా ఆపుకోవచ్చు. ముందు చేతిలో ఉన్న కార్డులు బయటపడతాయి.


మూడులాంతర్ల రిపేర్లు:

అమ్మా, విజయనగరం నుంచి రాస్తున్నాను. మూడు లాంతర్ల దగ్గర కంప్యూటర్ రిపేర్లు చేస్తుంటాను, విండోస్ 98 కాలం నుంచీ ఇదే పని. పలాస తమ్ముడు చెప్పిన కాపీ పని ఇప్పుడే చేసెయ్యండి. అప్‌డేట్ తీసేయడం మాత్రం కాస్త ఆగండి. తీసేస్తే కారణం కూడా దాంతోపాటు మరుగున పడిపోతుంది, వచ్చే నెల ప్యాచ్‌తో మళ్ళీ ఇదే గొడవ.

మీరు రాసింది చదివితే నాకు రెండు వేరు వేరు జబ్బులు కనిపిస్తున్నాయి. నీలం తెర వచ్చిందంటే విండోస్ ఇంకా స్పృహలోనే ఉందని అర్థం. లోపల ఏదో తప్పు జరిగిందని గ్రహించి, ముందుకెళ్తే ఫైళ్ళు పాడవుతాయని తనే ఆగి, కారణం రాసిపెట్టి, అప్పుడు రీస్టార్ట్ అయింది. ఠక్కున ఆరిపోవడం అలాంటిది కాదు. అక్కడ విండోస్‌కి ఒక్క అక్షరం రాసుకునే వ్యవధి కూడా దొరకలేదు. మొదటిదానికి కారణం డ్రైవర్లలో (పరికరాల్ని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రాంలు), ఆ తర్వాత ర్యామ్‌లో వెతకాలి. రెండోదానికి కరెంటు వచ్చే దారిలో వెతకాలి: ప్లగ్గు, యూపీఎస్, సీపీయూ లోపల కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్, ప్రాసెసర్ వేడి.

నా దగ్గరికి ఏ సిస్టం వచ్చినా, లేచే స్థితిలో ఉంటే, స్క్రూడ్రైవరు పట్టుకునేముందు ఒకటి చూస్తాను. స్టార్ట్‌లో "రిలయబిలిటీ" అని కొట్టండి, "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" అని వస్తుంది. రోజువారీ గడులుంటాయి. ఎర్ర గుర్తు ఉన్న రోజు ఏదో పడిపోయిందన్నమాట. నీలం గుర్తుల్లో ఏ అప్‌డేట్ ఏ రోజు ఎక్కిందో ఉంటుంది. అప్‌డేట్ ఎక్కిన రోజుకి ఎడమ పక్కకి వెళ్ళండి. అంతకుముందు కూడా "విండోస్ వజ్ నాట్ ప్రాపర్లీ షట్‌డౌన్" అని ఎర్ర గుర్తులుంటే, ఆరిపోవడానికీ అప్‌డేట్‌కీ సంబంధం లేదు. అప్‌డేట్ కంటికి కనిపించే సంఘటన కాబట్టి దాని తర్వాత జరిగిందంతా దాని ఖాతాలోకే వెళ్తుంది. అందుకే నేను మనుషుల్ని అడిగేకంటే ముందు ఆ పట్టిక చూస్తాను.

రెండోది, "ఈవెంట్ వ్యూయర్" తెరిచి "విండోస్ లాగ్స్"లో "సిస్టం" చూడండి. కెర్నెల్ పవర్, 41 అని ఎర్రగా ఉంటుంది. దాన్ని చూసి కంగారుపడొద్దు, అది కారణం కాదు. పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదని, తిరిగి లేచాక విండోస్ రాసుకున్న మాట అంతే. అందులో "డీటెయిల్స్" నొక్కితే "బగ్‌చెక్ కోడ్" అని ఒక అంకె ఉంటుంది. మీరు చూసిన నీలం తెరకి అది 59. ఆ అంకె 0 ఉంటే కరెంటు అందకపోవడమో, బిగుసుకుపోయిన సిస్టంని ఎవరైనా బటన్ నొక్కి ఆపడమో. మీ దగ్గర రెండు రకాలూ ఉంటాయని నా నమ్మకం.

ఇక ఆ ఫైలు పేరు. "దిస్ పీసీ" మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, "అడ్వాన్స్‌డ్ సిస్టం సెట్టింగ్స్", అందులో "స్టార్టప్ అండ్ రికవరీ" సెట్టింగ్స్. "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" అన్న టిక్కు తీసెయ్యండి. అప్పుడు నీలం తెర అలాగే నిలబడుతుంది, ఫోన్లో ఫొటో తీసుకోండి. నా అనుమానం డాంగిల్ డ్రైవరు మీద. మామూలు ప్రోగ్రాం తప్పు చేస్తే అదొక్కటే మూతపడుతుంది. డ్రైవరు కెర్నెల్‌లో, అంటే విండోస్ గుండెకాయలో, విండోస్‌తో సమానమైన అధికారంతో నడుస్తుంది, అది తప్పు చేస్తే సిస్టం మొత్తం ఆగాల్సిందే. అంత అధికారం ఉన్నదాన్ని ఎక్స్‌పీ, విండోస్ 7 రోజుల్లో రాసి వదిలేసి, మళ్ళీ ముట్టుకోకపోతే, కింద కెర్నెల్ మారిన ఏదో ఒక రోజు ఇలా బయటపడుతుంది.

ఒకేసారి నాలుగు పనులు చెయ్యొద్దు. ఒకటి మార్చండి, చూడండి, అప్పుడు ఇంకోటి. డ్రైవర్లన్నీ తనే కొత్తవి వేసేస్తానని చెప్పే ప్రోగ్రాంలు, రిజిస్ట్రీ శుభ్రం చేసే ప్రోగ్రాంలు అసలు వెయ్యొద్దు. ఫార్మాట్ అన్నిటికంటే ఆఖరి మాట, మీకు ఆ అవసరం వస్తుందనుకోను. ఒక్కటి చెప్పండి, ప్రింటరు ఏ ప్లగ్గులో ఉంది?


నరసన్నపేట డీటీపీ:

అన్నయ్యగారూ, మీరు చెప్పినట్టే ఒక్కొక్కటీ చూశాను. ముందు కార్డులన్నీ, ఫాంట్లతో సహా, బయటి డిస్కులోకి వెళ్ళిపోయాయి. తమ్ముడూ, నీకు చాలా థాంక్స్.

రిలయబిలిటీ పట్టికలో అప్‌డేట్‌కి ముందు వారాల్లో కూడా ఎర్ర గుర్తులున్నాయి. అన్నీ సాయంత్రం వేళవే. ముహూర్తాలు మొదలై ప్రింటింగ్ పెరిగినప్పటి నుంచి అవీ పెరిగాయి. ఈవెంట్ వ్యూయర్‌లో 41లు వరసగా ఉన్నాయి. పొద్దుటి వాటికి 59, సాయంత్రం వాటికి 0. చూస్తుంటే ఒళ్ళు జలదరించింది, అంతా అక్కడే రాసి ఉంది.

నీలం తెర ఈసారి నిలబడింది, ఫొటో తీశాను. ఫైలు పేరు మొదటి అక్షరాలు డాంగిల్ మీద ముద్రించిన కంపెనీ పేరువే.

ప్రింటరు లేజర్‌ది. యూపీఎస్ వెనకాల ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉంది, సీపీయూ, మానిటరు, ప్రింటరు, మోడెం అన్నీ దానికే. యూపీఎస్ 600 వీఏ.

డాంగిల్ డ్రైవరు తీసేస్తే టైపింగ్ సాఫ్ట్‌వేరు పోదు కదా? అదొక్కటి చెప్పండి, చెయ్యి ఆడట్లేదు.


మూడులాంతర్ల రిపేర్లు:

పోదమ్మా. సాఫ్ట్‌వేరు వేరు, డాంగిల్ డ్రైవరు వేరు. లైసెన్సు డాంగిల్‌లోనే ఉంటుంది. డ్రైవరు దాన్ని చదివి సాఫ్ట్‌వేరుకి చెబుతుంది, అంతవరకే దాని పని.

ముందు "క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్" అని వెతికి, తేడా వస్తే ఇప్పటి స్థితికి వెనక్కి రావడానికి ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. డాంగిల్ తయారుచేసిన కంపెనీ సైటులోంచి విండోస్ 10కి సరిపోయే కొత్త డ్రైవరు ముందుగానే దింపి ఉంచుకోండి, సాఫ్ట్‌వేరు అమ్మినవాళ్ళ దగ్గర కాకుండా డాంగిల్ కంపెనీ దగ్గరే. అప్పుడు డాంగిల్ పీకేసి, సెట్టింగ్స్‌లో "యాప్స్"లోకెళ్ళి పాత డ్రైవరు అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చెయ్యండి. డాంగిల్ బయటే ఉంచి కొత్త డ్రైవరు వేసి, ఇంకోసారి రీస్టార్ట్ చేసి, అప్పుడు డాంగిల్ పెట్టండి. పెట్టి ఉండగా డ్రైవరు వేస్తే విండోస్ పాతదాన్నే పట్టుకొచ్చి తగిలిస్తుంది, నేను చాలాసార్లు చూశాను.

తీసేటప్పుడే నీలం తెర వస్తే సేఫ్ మోడ్‌లో, అంటే తప్పనిసరి డ్రైవర్లతోనే విండోస్ లేచే పద్ధతిలో, చెయ్యాలి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. "ట్రబుల్‌షూట్", "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్", "స్టార్టప్ సెట్టింగ్స్", రీస్టార్ట్, అప్పుడు 4. కొత్త డ్రైవరు వేశాక కూడా 59 వస్తే ర్యామ్ అనుమానించాలి. "విండోస్ మెమొరీ డయాగ్నస్టిక్" రాత్రి పెట్టి వెళ్ళండి.

ఇంక యూపీఎస్. 600 వీఏ అని రాసి ఉన్నా సాధారణంగా అవి మొయ్యగలిగేది 360 వాట్ల దాకానే. లేజర్ ప్రింటరులో కాగితం మీద పొడి కరిగి అంటుకోవడానికి ఒక రోలరు వేడెక్కాలి. అది వేడెక్కే క్షణంలో ఒక్కసారిగా వందల వాట్లు గుంజుతుంది. సాయంత్రం ఊరంతా లైట్లేసే వేళ వోల్టేజీ కాస్త తగ్గితే యూపీఎస్ బ్యాటరీ మీదకి మారుతుంది. సరిగ్గా అప్పుడే ప్రింటరు గుంజితే బ్యాటరీ తట్టుకోలేదు, అవతల సీపీయూకి కరెంటు ఆగిపోతుంది. మీ ఫ్యాను గోడ కరెంటు మీద ఉంది కాబట్టి తిరుగుతూనే ఉంటుంది. లేజర్ ప్రింటర్ని యూపీఎస్‌కి తగిలించకూడదని ప్రింటరు పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. దాన్ని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టండి, సీపీయూ, మానిటరు, మోడెం యూపీఎస్‌లో ఉంచండి.

బ్యాటరీ ఎప్పుడు మార్చారో చూసుకోండి. లోపలుండేది 12 వోల్టుల 7 ఏహెచ్ మూతబిగించిన బ్యాటరీ, మన ఎండలకి రెండు మూడేళ్ళకి మించి నమ్మకూడదు. ఫైళ్ళన్నీ మూసి, ప్రింటరు తీసేసి, గోడ దగ్గర స్విచ్ ఆపి చూడండి. సిస్టం నిమిషం కూడా నిలబడకపోతే బ్యాటరీ అయిపోయినట్టే.


బొబ్బిలి ల్యాబ్:

మాస్టారు చెప్పినదానికి ఒక ఉదాహరణ. 2024 జులై 19న ప్రపంచమంతా కంప్యూటర్లు నీలం తెర మీద ఆగిపోయాయి కదా, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. అది విండోస్ అప్‌డేటే అని ఇప్పటికీ మా ల్యాబ్‌లో పిల్లలు అంటుంటారు. కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ తన డ్రైవరు చదివే ఒక చిన్న ఫైలుని మార్చి పంపింది. అందులో లోపం ఉంది, డ్రైవరు కెర్నెల్‌లో ఉంది, మైక్రోసాఫ్ట్ అంచనాలో సుమారు 85 లక్షల యంత్రాలు పడిపోయాయి. సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఒక్క ఫైలు తీసేస్తే సిస్టం లేచింది. ఆ రోజు కూడా ఫార్మాట్ అవసరం లేకపోయింది.

అప్‌డేట్లు 35 రోజుల దాకా ఆపే సలహా మాత్రం నాకు నచ్చదు. అక్కగారి సిస్టంలో రోజూ ఎవరెవరో పెన్‌డ్రైవులు పెడతారు, అలాంటి యంత్రానికి ప్యాచ్‌లు చాలా అవసరం. విండోస్ నెలవారీ ప్యాచ్‌లు రెండో మంగళవారం విడుదలవుతాయి, మనకి ఆ రాత్రికో బుధవారానికో అందుతాయి. ఆ వారం ముహూర్తాలుంటే ఒక్క వారం పాజ్ పెట్టండి, తర్వాత వెయ్యండి. కార్డులు ఇచ్చేసిన రోజు సాయంత్రం వేసుకుంటే తేడా వచ్చినా సరిచేసుకునే టైము ఉంటుంది.

అసలు భయం నాకు డాంగిల్ మీద. ఆ చిన్న ముక్క విరిగినా, పోయినా, ఇన్నేళ్ళ కార్డులు తెరుచుకోవు. డాంగిల్ అక్కర్లేని దారి యూనికోడ్, ఏ సిస్టంలోనైనా అక్షరాల్ని ఒకేలా గుర్తించే పద్ధతి. అందులో తెలుగుకి 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే చోటుంది, విండోస్‌లో ఎక్స్‌పీ నుంచి తెలుగు రాయొచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో గురజాడ, గిడుగు, మండలి, రామభద్ర, సురవరం లాంటివి ఉచితంగా దొరుకుతాయి, షాపులో వాడుకోవడానికీ అడ్డులేదు. గిడుగువారు పుట్టిన పర్వతాలపేట మీ శ్రీకాకుళం జిల్లాదే. పేజీ పేర్చడానికి స్క్రైబస్ కొత్త వెర్షన్లలో తెలుగు వొత్తులు సరిగ్గా వస్తాయి, అదీ ఉచితమే. ఉన్న కార్డులన్నీ ఇవాళే మార్చక్కర్లేదు, కొత్తగా వచ్చేవాటిని ఇందులో మొదలెట్టండి. పాతవాటికి డాంగిల్ పనిచేస్తుండగానే పీడీఎఫ్‌లు తీసి పెట్టుకోండి.


నరసన్నపేట డీటీపీ:

పనైంది! పాత డ్రైవరు మామూలుగానే తీయగలిగాను, సేఫ్ మోడ్ దాకా వెళ్ళలేదు. కొత్తది వేసి, డాంగిల్ పెట్టి, టైపింగ్ సాఫ్ట్‌వేరు తెరిస్తే తెరుచుకుంది. అప్‌డేట్ తీయలేదు, అలాగే ఉంది. పొద్దుట్నుంచి ఒక్క నీలం తెర రాలేదు. ప్రింటరు గోడ ప్లగ్గులోకి మారిపోయింది, సాయంత్రం లైట్లు మినుకుమినుకుమన్నప్పుడు కూడా వదలకుండా ప్రింటు తీశాను, సీపీయూ ఆగలేదు. యూపీఎస్ పరీక్ష కూడా చేశాను, స్విచ్ ఆపగానే సెకన్లలో ఆరిపోయింది. బ్యాటరీ చెప్పి పెట్టాను.

ఆ పెద్దాయనకి ఫోన్ చేశాను. వేరే షాపులో ఇంకా ఇవ్వలేదట. ఈ రాత్రికే వేసి, కార్డులు మా అబ్బాయితో ఊరికి పంపిస్తున్నాను.

ఇంకొక్క సందేహం. నాలుగో తరం ప్రాసెసర్ కదా, విండోస్ 11 ఎక్కదని చూపిస్తోంది. ఎలాగోలా ఎక్కించే పద్ధతులున్నాయని వీడియోల్లో చెబుతున్నారు. వేసుకోవచ్చా?


మూడులాంతర్ల రిపేర్లు:

వెయ్యొద్దమ్మా. విండోస్ 11కి టీపీఎం 2.0 (సిస్టం భద్రతకి సంబంధించిన భాగం) ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే లెక్క. అడ్డదారిలో ఎక్కించిన సిస్టంకి అప్‌డేట్లు తప్పకుండా అందుతాయన్న హామీ లేదు. మీ బతుకుతెరువు ఉన్న యంత్రం మీద అలాంటి ప్రయోగం వద్దు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14న ఆగింది, మీరు చేరిన పొడిగింపు 2026 అక్టోబరు 13 దాకా ఉంటుంది. ఆలోపు ఎనిమిదో తరం పైన సిస్టం ఒకటి, సెకండ్‌హ్యాండ్ అయినా సరే, చూసుకోండి. వాట్సాప్, మెయిలు, పార్టీల పెన్‌డ్రైవులు అన్నీ దానికి మార్చండి. ఇప్పుడున్నదాన్ని అమ్మొద్దు. నెట్టు తీసేసి, డాంగిల్‌తో, పాత కార్డుల కోసమే పక్కన ఉంచుకోండి.

కొనేటప్పుడు మోడల్ పేరు చూసి మోసపోవద్దు. ఐ5 అని పెద్దక్షరాలతో రాసి మూడో తరంది అంటగడతారు. ఐ5 తర్వాత గీత పెట్టి ఉన్న అంకె 8తోనో, 9తోనో, 10తోనో మొదలవ్వాలి. డబ్బులిచ్చేముందు అక్కడే స్టార్ట్‌లో "టీపీఎం డాట్ ఎమ్‌ఎస్‌సీ" కొట్టించి, వెర్షన్ 2.0 అని కనిపిస్తేనే తీసుకోండి. విజయనగరం వచ్చి కొనేలా ఉంటే మోడల్ నంబరు ముందు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.